తొలి కంప్యూటరు కొనవచ్చు విద్యార్థి పక్షమున: విడిభాగముల వర్తకులకు బహిరంగ లేఖ

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు నందును, ఉభయ తెలుగు రాష్ట్రములలోని తక్కిన పట్టణములందును కంప్యూటరు విడిభాగముల వ్యాపారము సాగించుచున్న వర్తక మహాశయులకు,

ఏటేట ప్రవేశ పరీక్షల ఫలితములు వెలువడి, కళాశాలలలో సీట్లు నిర్ణయమై, విద్యాసంవత్సరము ఆరంభమగు దినములలో, తండ్రితోడనో అన్నతోడనో కలిసి తన జీవితమున తొలి కంప్యూటరు కొనుటకు మీ దుకాణము మెట్లెక్కి వచ్చు విద్యార్థి పక్షమున ఈ లేఖ వ్రాయుచున్నాను. అతడు తెచ్చు సొమ్ము 35,000 రూపాయలో, మహా అయిన 40,000 రూపాయలో. అది చీటీ పాడి తెచ్చినదియో, ధాన్యము అమ్మగా మిగిలినదియో, తల్లి మెడలోని గొలుసును బ్యాంకులో కుదువబెట్టి తెచ్చినదియో అయి యుండును. ఆ సొమ్ములో ఎంత దేనిపై వెచ్చింపవలెనో ఆ కుటుంబమునకు తెలియదు, మీకు తెలియును. మీ యెఱుకను ఆ బిడ్డకు మేలు కలుగునట్లు వినియోగింపుడనియు, అంతకంటె ముఖ్యముగా, ఆ యంత్రమును కూర్చు పనిలో ఆ బిడ్డ చేతులకు కొంత చోటీయుడనియు వేడుకొనుటయే నా యుద్దేశము. నేను పాలిటెక్నిక్ విద్యార్థులకు ఎలక్ట్రానిక్సు బోధించి విశ్రాంతి పొందిన వాడను. మీ దుకాణములు లేకున్నచో నా శిష్యులలో ననేకులకు విద్య సగమే అబ్బి యుండెడిది గనుక, కృతజ్ఞతతోడనే ఈ మనవి చేయుచున్నాను.

మీ వృత్తి ఎంత గొప్ప స్వాతంత్ర్యముపై నిలిచి యున్నదో ఒకమాఱు స్మరింప వలసి యున్నది. 1981వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన ఐ.బి.ఎమ్. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును వెలువరించినపుడు, త్వరగా విపణికి తేవలెనను తొందరలో, ఇంటెల్ వారి 8088 ప్రాసెసరును, అన్యులు నిర్మించిన ఇతర భాగములను గైకొని కూర్చుటయే గాక, దాని విద్యుత్పథముల చిత్రములను, బయాస్ క్రమణికను సైతము సాంకేతిక గ్రంథముగా అచ్చొత్తించి అమ్మెను. పిమ్మట కాంపాక్ మొదలగు సంస్థలు ఆ బయాస్‌ను నకలు చేయక, స్వతంత్రముగా తమది తాము వ్రాసికొని, దానితో సరిపడు యంత్రములను నిర్మించినవి. 1995లో ఇంటెల్ వారు ప్రకటించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణము మదర్‌బోర్డు కొలతలను, మరలు బిగించు రంధ్రముల స్థానములను, విద్యుత్తు నందించు కనెక్టరు ఆకృతిని స్థిరపఱచెను. ఈ చరిత్ర ఫలముగనే నేడు ఒకరి మదర్‌బోర్డు, వేఱొకరి ప్రాసెసరు, మఱియొకరి క్యాబినెట్ మీ బల్లమీద కలిసికొని ఒక్క యంత్రమగుచున్నవి. చేతిలోని ఫోనునకు ఈ భాగ్యము లేదు. ర్యామ్‌ను సైతము బోర్డునకే అతికించి వేసిన పలుచని ల్యాప్‌టాప్‌నకును లేదు. హాస్టలులో నుండి చదువుకొను విద్యార్థికి ల్యాప్‌టాపే తగినదని నేనును అంగీకరింతును. ఇంటియొద్ద నుండి చదువుకొను వానికి, నేడు కొంత కొని రెండేండ్లకు మఱికొంత చేర్చుకొనదలచిన వానికి, చెడిన భాగమును మాత్రమే మార్చుకొని తక్కినదానిని నిలుపుకొనవలసిన పేదవానికి డెస్క్‌టాపును మించినది లేదు.

కంప్యూటరును కూర్చు ఈ విద్యకు హైదరాబాదున ఒక విశేషము కూడ కలదు. డాక్టరు ఏ.ఎస్. రావు గారి నాయకత్వమున 1967లో ఇచట వెలసిన ఈ.సి.ఐ.ఎల్. సంస్థ, భాభా అణు పరిశోధన కేంద్రమున రూపొందిన టి.డి.సి. 12 అను కంప్యూటరును నిర్మించి దేశమునకందించెను. కంప్యూటరనగా పెట్టె విప్పి మీట నొక్కునదిగా గాక, మన చేతులతో నిర్మింపదగిన వస్తువుగా ఈ నగరము ఆనాడే ఎఱిగినది. ఆ యెఱుకను సామాన్యుని ఇంటిదాక కొనిపోవు దారి నేడు మీ దుకాణముల గుండానే పోవుచున్నది.

ఇక అసలు విషయము. విద్యార్థి ఎదుట నిలిచినపుడు మొట్టమొదట అతని బడ్జెట్ ఎంతయని అడుగక, ఏమి పనికొఱకు కొనుచున్నాడో అడుగుడు. ట్యాలీ నేర్చుకొను బి.కామ్. విద్యార్థికి, ప్రోగ్రాములు వ్రాయనేర్చుకొను ఇంజనీరింగు విద్యార్థికి, పోటీ పరీక్షలకు చదువుకొను నిరుద్యోగికి ప్రత్యేకముగా గ్రాఫిక్స్ కార్డు అక్కఱలేదు. రైజెన్ 5 5600జి వంటి ప్రాసెసరులో, ఆరు కోర్లకు తోడు, చిత్రమును తెరమీదికి తెచ్చు గ్రాఫిక్స్ భాగము లోననే కలదు. నాలుగు కోర్ల కోర్ ఐ3 12100లోను కలదు. అదే ఐ3 పేరు చివర ఎఫ్ అక్షరము చేరినచో ఆ భాగము పనిచేయదు. ఈ ఒక్క అక్షరము మూలమున కొంత సొమ్ము ఆదా అయినదని సంతసించి ఇంటికి పోయి, మానిటరు తగిలించి, నల్లని తెరను చూచి కన్నీరు పెట్టుకొన్న పిల్లలను నేనెఱుగుదును. వారికి అమ్మిన వారు మోసము చేయనక్కఱలేదు. చెప్పవలసిన ఒక మాట చెప్పకుండుటయే చాలును.

ర్యామ్ విషయమున నేడు కష్టకాలము వచ్చినది. కృత్రిమ మేధ కొఱకు కట్టుచున్న డేటా కేంద్రములు మెమొరీ చిప్పులను విరివిగా కొనివేయుచుండుటచే 2025 చివరి భాగము నుండి ధరలు తీవ్రముగా పెరిగినవి. మైక్రాన్ సంస్థ సామాన్య వినియోగదారులకమ్ము తన క్రూషల్ శాఖనే మూసివేయుచున్నట్లు ఆ డిసెంబరులో ప్రకటించినది. ఒకప్పుడు 16 జి.బి. తీసికొమ్మని తడుముకొనకుండ చెప్పెడివాడను. ఇపుడు ఆ మాట చెప్పుటకు ముందు ఆ తండ్రి ముఖమును చూడవలసి వచ్చుచున్నది. ప్రాసెసరులోని గ్రాఫిక్స్ భాగమునకు తనదైన మెమొరీ లేక ర్యామ్‌నే పంచుకొనును గనుక, రెండు స్లాట్లలో రెండు సమానమైన ర్యామ్‌లను ఉంచినపుడు రాకపోకల దారి రెండింతలై పని వేగవంతమగుననుట సత్యమే. అయినను డబ్బు చాలనపుడు 4 జి.బి.వి రెండు ఇచ్చుటకంటె 8 జి.బి.ది ఒక్కటి యిచ్చి రెండవ స్లాటును ఖాళీగా నుంచుటయే మేలని నా నిశ్చితాభిప్రాయము. మొదటి పద్ధతిలో నేడు కొంత వేగము దక్కినను, రేపు పెంచుకొనదలచినపుడు రెండింటిని తీసి పాఱవేయవలసి వచ్చును. ఈ కారణమును కౌంటరు వద్ద రెండు నిమిషములలో చెప్పవచ్చును. విన్న విద్యార్థి దానిని జన్మలో మఱవడు.

డిస్కును గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. నిముసమునకు 7200 మాఱులు తిరుగు హార్డ్ డిస్కులో సమాచారము వెదకుటకు ఒక లోహపు చేయి అటునిటు కదలవలెను, ఎస్.ఎస్.డి.లో కదలు భాగమే లేదు. కాన ఆపరేటింగ్ సిస్టమును ఎస్.ఎస్.డి.పై గాక వేఱొకదానిపై ఉంచి నేడు ఎవరికిని అమ్మవలదు. క్యాబినెట్, కీబోర్డు, మౌసులలో ఎంత పొదుపు చేసినను ముప్పు లేదు. రంగురంగుల దీపములు వెలుగు ఫ్యానులకు పెట్టు డబ్బు ర్యామ్‌నకు పోవుట మంచిది.

పొదుపు చేయరానిచోట అందరును పొదుపు చేయుచున్న భాగము ఎస్.ఎం.పి.ఎస్. దీనిని గూర్చి మీతో విస్తరించి మాటలాడవలసి యున్నది. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును తీసికొని, దానిని ఏకముఖ ప్రవాహముగా మార్చి, మిక్కిలి వేగముగా తెగగొట్టుచు కలుపుచు చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా నడపి, 12, 5, 3.3 వోల్టులుగా దిగువకు తెచ్చి, క్షణక్షణము మాఱు అవసరమునకు లోబడి స్థిరముగా అందించుట దాని ధర్మము. చవుకబారు సరుకులో తీగలు సన్నబడును, కెపాసిటర్లు చిన్నబడును, లోపలికి వచ్చు విద్యుత్తును వడపోయవలసిన భాగములు ఉండవలసిన చోట ఖాళీ రంధ్రములు కనబడును, వోల్టేజి హద్దు మీఱినపుడు తనంతట ఆగిపోవలసిన రక్షణ లోపించును. పైన అంటించిన కాగితముపై మాత్రము 450 వాట్లని, 500 వాట్లని అచ్చై యుండును. వేసవిలో వోల్టేజి ఉయ్యాలలూగు మన పల్లెలలో అట్టి ఎస్.ఎం.పి.ఎస్. ఒకనాడు కాలిపోవునపుడు ఒంటరిగా పోదు. మదర్‌బోర్డును, ఒక్కొక్కప్పుడు డిస్కును, డిస్కుతో బాటు ఆ బిడ్డ ప్రాజెక్టు పనినంతను వెంటబెట్టుకొని పోవును. నకిలీ విత్తనము కొన్న రైతునకు మోసము తెలియునప్పటికి అదను దాటిపోయినట్లే, దీనిని కొన్నవానికి సత్యము తెలియునప్పటికి చేయగలిగినదేమియు నుండదు. క్యాబినెట్‌తో బాటు ఉచితమని చెప్పి అందులో బిగించి యిచ్చు ఎస్.ఎం.పి.ఎస్.లను తొలి కంప్యూటరు కొనువారికి అమ్మకుండుడని, మీ వ్యాపారమున మఱి దేనిని మార్చుకొనకున్నను ఈ ఒక్కదానిని మార్చుకొనుడని, చేతులు జోడించి వేడుచున్నాను.

అటులని భయపెట్టి 650 వాట్లది అంటగట్టుటయు తగదు. గ్రాఫిక్స్ కార్డు లేక, 65 వాట్ల ప్రాసెసరుతో నడచు యంత్రము ఎంత శ్రమించినను 150 వాట్లకు లోపుననే యుండును. నిజాయితీగా 400 లేక 450 వాట్లు ఇవ్వగలది దానికి సమృద్ధిగా చాలును. 80 ప్లస్ అను ముద్ర 2004 నుండి అమలులో నున్నది. అది గోడనుండి తీసికొన్న విద్యుత్తులో ఎంత భాగము వృథా కాక యంత్రమునకు చేరునో చెప్పునదియే గాని భద్రతకు పూచీ కాదు. అయినను పరీక్షకు నిలిచిన తయారీదారు లోపలి సరుకును బొత్తిగా నాసిగా పెట్టుట అరుదు. ముద్ర పొందిన నమూనాల పట్టిక బహిరంగముగా లభించుచున్నది గనుక, పెట్టెపై ముద్ర అసలుదో కాదో కొనువాని ఎదుటనే మీ ఫోనులో చూపవచ్చును. ఎర్తింగ్ గూర్చియు ఒక్క మాట చెప్పి పంపుడు. మూడవ పిన్నునకు భూమితో సంబంధము లేని ఇంటిలో, ఎస్.ఎం.పి.ఎస్. లోపలి వడపోత కెపాసిటర్ల గుండా స్వల్పమైన విద్యుత్తు క్యాబినెట్ లోహమునకు చేరి, తాకిన చేతికి చిమచిమలాడును. అది చూచి యంత్రము చెడినదని మీయొద్దకు పరుగెత్తి వచ్చువారు ఎందఱో కదా! ముందుగా చెప్పినచో వారు ఎలక్ట్రీషియను నొద్దకు పోవుదురు. వారి ఇల్లు కూడ బాగుపడును.

అంత సొమ్ము కూడ తేలేనివారు కలరు. వారికి పాత ఆఫీసు కంప్యూటర్లు దిక్కు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియుటయు, విండోస్ 11 టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా భాగమును కోరుచు ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరమునకు పూర్వపు వానిని దాదాపుగా అంగీకరింపకుండుటయు కారణములుగా, ఇంకను ఎన్నియో యేండ్లు పని చేయగల ఆఱవ, ఏడవ తరముల యంత్రములు కార్యాలయముల నుండి చవుకగా బయటపడుచున్నవి. ఇవి లినక్సుతో చక్కగా నడచును. లినక్సును తెలుగులోనికి తెచ్చుటకు హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ చేసిన కృషి కూడ కలదు. అయితే అమ్మునపుడు రెండు సత్యములు దాచకుడు. మొదటిది, వీనిలో పెక్కింటి మదర్‌బోర్డులును ఎస్.ఎం.పి.ఎస్. కనెక్టర్లును ఏ.టి.ఎక్స్. ప్రమాణమునకు లోబడక ఆ కంపెనీ ప్రత్యేక ఆకృతిలో నుండును గనుక, చెడినపుడు బజారులో దొరకు సామగ్రి సరిపడదు. రెండవది, ఊరక వేసియిచ్చెదమని చెప్పు దొంగ విండోస్ ఆ పిల్లవానికి మేలు చేయునది కాదు. దానివెంట వచ్చు వైరసు అతని పరీక్షల ముందు దినమున బయటపడవచ్చును.

బిల్లు విషయము క్లుప్తముగా చెప్పెదను. మొత్తము ఇంతయని చీటీమీద వ్రాసి యిచ్చుట మాని, ఒక్కొక్క భాగమునకు పేరు, సీరియల్ నంబరు, ధర, 18 శాతము జి.ఎస్.టి. విడివిడిగా చూపు బిల్లు ఇయ్యుడు. సీలువేసిన పెట్టెలోని ప్రాసెసరునకు తయారీదారు మూడేండ్ల వారంటీ నిచ్చును. ట్రేలో వచ్చిన విడి ప్రాసెసరునకు ఆ పూచీ లేదు. ఈ తేడాను ధరలోను మాటలోను కూడ తెలియజేయుడు. అచ్చు పుస్తకమునకు పన్ను లేదు, వ్రాతపుస్తకముపై పన్నును 2025 సెప్టెంబరులో తొలగించిరి, విద్యార్థి కంప్యూటరుపై మాత్రము 18 శాతము నిలిచియే యున్నది. ఇది అన్యాయమని నా మతము. దానిని గూర్చిన లేఖ మీకు గాక వేఱొకరికి వ్రాయవలసినది.

ఇపుడు నా ప్రధానమైన విన్నపము. మీ పనివాడు పావుగంటలో బిగించి యిచ్చు యంత్రమును, మీ దుకాణములోననే, అతని పర్యవేక్షణలో ఆ విద్యార్థిచేతనే బిగింపజేయుడు. ఆలస్యమగుననియు, పిన్నులు వంగినచో నష్టమెవరు భరింతురనియు మీరందురు. ఆ భయము నిరాధారము కాదు. ఏ.ఎమ్.4 ప్రాసెసరునకు పిన్నులు దాని అడుగుననే యుండును, ఎల్.జి.ఏ. 1700 జాతికి అవి మదర్‌బోర్డు సాకెట్టులో నుండును. రెంటిలోను వెండ్రుకవంటి పిన్ను ఒకటి వంగినను ప్రమాదమే. కాన మూలనున్న చిన్న త్రికోణపు గుర్తును సాకెట్టు గుర్తుతో సరిజూచి ప్రాసెసరును దింపు పని మీ పనివాడే చేయుగాక, విద్యార్థి చూచుగాక. తక్కిన పనులన్నియు అతనికి విడువుడు. ముందుగా క్యాబినెట్ లోహమును తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనుట, ర్యామ్ గాటును స్లాటు గాటుతో కలిపి రెండు కొసలయందును టప్పుమని వినబడునంతవఱకు నొక్కుట, ఎస్.ఎస్.డి.ని ఏటవాలుగా చొనిపి పడుకొనబెట్టి చిన్న మర బిగించుట, మదర్‌బోర్డు క్రింద ఇత్తడి స్టాండాఫులు దాని రంధ్రములకు సరిగా వచ్చినవో లేదో, అనవసరమైనది ఒకటి మిగిలి బోర్డు వెనుక తాకి షార్టు చేయునో చూచుట, 24 పిన్నుల కనెక్టరును ప్రాసెసరునకు విడిగా పోవు 8 పిన్నుల కనెక్టరును మఱవకుండుట, పవరు స్విచ్చి తీగలు ఎటు తగిలించినను పనిచేయుననియు దీపము తీగలకు మాత్రము ధన ఋణ భేదము కలదనియు తెలిసికొనుట, ఇవి యన్నియు పదునెనిమిదేండ్ల బిడ్డ చేయదగిన పనులే. కొత్త యంత్రము తొలిసారి మీట నొక్కినపుడు ర్యామ్‌ను పరీక్షించుకొనుచు కొంతసేపు తెర చూపకపోవచ్చును. ఆ నిరీక్షణమున భయపడవలదని ప్రక్కన నిలిచి చెప్పు మనుష్యుడు ఒకడుండుటయే పెద్ద పాఠము.

ఇంత పట్టుదలగా ఎందుకు కోరుచున్నానందురా? పల్లెటూళ్ళ పాఠశాలలలో కంప్యూటర్లు దుప్పటి కప్పుకొని సంవత్సరముల తరబడి పడియుండుట నేను చూచితిని. వానిలో కొన్నింటి జబ్బు, మదర్‌బోర్డు మీది నాణెమంత సి.ఆర్. 2032 బ్యాటరీ అయిపోవుటయో, స్లాటులో ర్యామ్ వదులగుటయో తప్ప వేఱు కాదు. మూత విప్పుటకు ధైర్యము చేయు మనుష్యుడు ఆ యూరిలో లేడు. మీ దుకాణములో ఒక ఉదయము తన చేతులతో యంత్రమును కూర్చిన విద్యార్థి తన యూరికి ఆ ధైర్యమును కొనిపోవును. ఆ బడిలో దుప్పటి తీయును. అటుపిమ్మట ర్యామ్ కొఱకు, ఎస్.ఎస్.డి. కొఱకు, మానిటరు కొఱకు అతడు ఎవరి యొద్దకు వచ్చునో నేను చెప్పనక్కఱలేదు.

ఆడపిల్లలను గూర్చి కూడ మనవి చేయవలెను. కొనవచ్చినది కూతురు, దానిమీద చదువుకొనవలసినది కూతురు. కాని కౌంటరు వెనుకనున్న వాని మాట తండ్రి వైపే పోవును, ప్రశ్న ఆమె వేసినను సమాధానము అన్నకు చెప్పుదురు. మహిళా పాలిటెక్నిక్కుల నుండి వచ్చు ఆ బాలికల చేతులు సోల్డరింగు పనిలో ఎంత నేర్పు గలవో బోధించిన వారికి తెలియును. ఆమెతో మాటలాడుడు, స్క్రూడ్రైవరును ఆమె చేతికీయుడు.

అసెంబ్లింగ్ కొఱకు మీరు తీసికొను రుసుమును మానుకొమ్మని నేననను. దానిని నేర్పినందుకు రుసుముగా తీసికొనుడు. రద్దీ తక్కువగా నుండు పనిదినముల ఉదయములలో, దుకాణము తెరచిన తొలి రెండు గంటలు, ఒక బల్ల, దానిపై ఒక రబ్బరు చాప, అయస్కాంతపు మొనగల స్క్రూడ్రైవరు ఒకటి, అనుభవముగల పనివాడు ఒకడు ఉన్న చాలును. ఆఖరి సంవత్సరపు పాలిటెక్నిక్ విద్యార్థులు కొందఱు ఈ పనికి సంతోషముతో తోడ్పడుదురు. వారిని సమకూర్చు బాధ్యత నేను తీసికొందును. రాబోవు జూన్ మాసమున మీలో ఎవరు మొదట బల్ల వేసినను, ఆ యుదయములలో దానిప్రక్కన నిలుచుటకు నేనును వత్తును.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు